కన్నంలో కూరిన లేబుల్

ఈ మాట ఇన్నేళ్లుగా నాలోనే ఉండిపోయింది. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

తొంభైల్లో సంగతి. తమిళనాడులోని కోవిల్‌పట్టిలో మా పెద్దమ్మ ఇంట్లో ఉండేవాణ్ణి. ఆవిడ ఇంటి దగ్గరే కూర్చుని అగ్గిపెట్టెలకు లేబుళ్లు అంటించేది. ఆవిడకు ఒకే ఒక వీడియో క్యాసెట్ ఉండేది, కూతురు సెల్వక్క పెళ్లిది. వీడియో తీసినతను పెళ్లంతటి మీదా తమిళ సినిమా పాటలు కలిపేశాడు. పెద్దమ్మ వాళ్లమ్మ, మా నాగలాపురం అవ్వ, పెళ్లి మర్నాడు నలుగు పెడుతూ పాడిన తెలుగు పాటను మాత్రం బతిమాలితే అలాగే ఉంచాడు. ఆ పాట ఎక్కడా రాసి లేదు. అప్పట్లో మా ఇళ్లలో, నాతో సహా, తెలుగు చదవడం ఎవరికి వచ్చు గనక? అవ్వ పోయాక ఆమె గొంతు ఆ టేపులోనే మిగిలింది. దాన్ని ఎప్పుడంటే అప్పుడు వినాలనే పెద్దమ్మ సొంతంగా ఒక వీడియో పెట్టె కొనాలనుకుంది.

పాలిటెక్నిక్ చదివినవాణ్ణని, ఎంచిపెట్టమని నన్ను విరుదునగర్ తీసుకెళ్లింది. చూసుకోవడానికే అయితే ప్లేయర్ చాలు, అందులో పొరపాటున కూడా ఏదీ చెరగదు అన్నాడు కొట్టాయన. పెద్దమ్మ తల ఊపింది. నాకేమో క్రికెట్ పిచ్చి. మ్యాచ్‌లు రికార్డు చేసుకోవాలి. ప్లేయర్ టేపును నమిలేస్తుందని చెప్పాను, ఆవిడ వైపు చూడకుండా. పచ్చి అబద్ధం. అంత సులువుగా ఎలా వచ్చింది నా నోటికి? ఆవిడ రికార్డరే కొంది.

క్యాసెట్ వెన్నున చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఇక దాని మీద ఏదీ రికార్డు కాదు. పెళ్లి క్యాసెట్‌కు విరిచే ఇచ్చారు. ఆ కన్నం మూస్తే మాత్రం మళ్లీ అవుతుంది. ఒక మధ్యాహ్నం పెద్దమ్మ లేబుళ్ల కట్ట తేవడానికి కంపెనీకి వెళ్లింది. మ్యాచ్ మొదలవబోతోంది. ఖాళీ క్యాసెట్ లేదు. పెళ్లి క్యాసెట్ చివర ఖాళీ ఉంటుందనుకున్నాను. అనుకున్నానా, అలా అనుకోవడం నాకు కావాల్సి వచ్చిందా? వేసి చూస్తే తెలిసేది. మొదటి ఓవర్ పోతుందని చూడలేదు. నాలుగు లేబుళ్లు మడిచి, బంక రాసి, కన్నంలో కూరి, టేపును చాలా దూరం ముందుకు తిప్పి రికార్డు నొక్కాను.

పాట చివరే ఉంది. తరవాత వెనక్కి తిప్పి చూస్తే సెల్వక్క తలకు నూనె పెట్టేదాకా పెళ్లి, ఆపైన మ్యాచ్. అది కనిపిస్తే దొరికిపోతానని యాంటెన్నా తీగ పీకి, మ్యాచ్ మీద బొమ్మ లేని ఉత్త చీమలు రికార్డు చేశాను. అప్పుడు నాకు క్షణం కూడా ఆలోచించాల్సి రాలేదు. అదే నన్ను ఇప్పటికీ నిలవనివ్వదు.

సెల్వక్క వచ్చినప్పుడు పెద్దమ్మ ఆ క్యాసెట్ వేయించింది.

"సామీ, మా అమ్మ ఏడ?" అంది పెద్దమ్మ నాతో, తెర మీది చీమలను చూస్తూ.

"బూజు పట్టినట్టుండాది పెద్దమ్మా. తడి తగిలితే అట్లదా అవుతాది."

"ట్రంకు పెట్టెలో అడుగున పెడితిని. అయితే నేనేదా పాడు చేస్తిని."

కాదని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. ఆనాటి నుంచి ఆవిడ వారం వారం ఆ క్యాసెట్‌ను మేడ మీద, మిరపకాయల పక్కన, ఎండలో పెట్టేది. మధ్యలో లేచి వెళ్లి తిప్పి పెట్టేది. నేను కింద కూర్చుని మ్యాచ్‌లు చూసేవాణ్ణి.

కొన్నేళ్లకు పెద్దమ్మ పోయింది. అప్పటికి ఇళ్లలోకి సీడీలు వచ్చేశాయి. సెల్వక్క రికార్డర్‌ను పాత సామాన్లవాడికి వేసేసి, క్యాసెట్ నా చేతిలో పెట్టింది. "నీకే ఇయ్యమన్నది అమ్మ" అంది.

ఇంటికొచ్చి తిప్పి చూశాను. కన్నంలో లేబుళ్ల మడత అలాగే ఉంది. తీసేయడం మరిచాను. అలాంటి లేబుళ్లు జీవితమంతా పెద్దమ్మ వేళ్ల మధ్య నుంచే పోయాయి. ఎండలో తిప్పిన ప్రతిసారీ అది ఆవిడకు కనిపించలేదా? కనిపిస్తే ఎందుకు అడగలేదు? కనిపించకపోతే క్యాసెట్ నాకే ఎందుకు ఇవ్వమంది?

తెలియదు. అడగడానికి ఆవిడ లేదు. ఒక్కటి మాత్రం రాయగలను. బూజు పట్టలేదు. పెద్దమ్మ ఏ తప్పూ చేయలేదు. అవ్వ పాటను చెరిపింది నేను.