తూము దగ్గర ఎత్తు

"ఆ తూము దగ్గర ఎత్తొస్తుంది. అక్కడ మటుకు దిగి నడువు."

"దిగను. తొక్కి చూపిస్తా."

మా ఆయనా నేనూ ఆఖరున అనుకున్న మాటలు ఇవే. ఆస్పత్రి మంచం మీద ఆయన్ని నవ్విద్దామని, ఈ ఎండాకాలం నేనూ సైకిలు నేర్చుకుంటానన్నాను. ఆయన నవ్వలేదు, సలహా ఇచ్చారు. నాకు పౌరుషమొచ్చింది. తెల్లారేసరికి మనిషి లేరు. అందరూ దేవుణ్ణి తలుచుకుని పోతారు, ఈయన తగాదా సగంలో వదిలేసి పోయారు. మిగతా సగం నా మెడకు చుట్టుకుంది. తొక్కి చూపించకపోతే ఓడిపోయినట్టే కదా.

ఆ ఎత్తు సంగతేమిటంటే, ఎండాకాలం ప్రతి ఆదివారం పొద్దున్నే బెజవాడలో మా ఇంటి నుంచి బందరు కాలువ గట్టున లాకుల దాకా వెళ్ళి, అక్కడ ముంజలు తిని వచ్చేవాళ్ళం. మాకు ఊటీ అయినా అదే, కాశీ అయినా అదే. ఆయన తొక్కేవారు. నేను వెనక క్యారేజీ మీద కాళ్ళు ఒకపక్కకు వేలాడేసి కూర్చునేదాన్ని. అలా కూర్చుంటే వెళ్ళేటప్పుడు కాలువ, వచ్చేటప్పుడు పొలాలు కనిపిస్తాయి. లకుముకి పిట్టలు ఎన్ని చూశానో! సైకిలు మీద ఉండగా ముందేముందో మాత్రం ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ చూడలేదు. ముందు ఆయన వీపు ఉండేది. "గేదెలొస్తున్నాయి, కాళ్ళు ముడుచుకో" అంటే ముడుచుకునేదాన్ని. తూము రాగానే రొప్పుతూ, "ఎత్తొచ్చింది, దిగవే" అంటే దిగేదాన్ని. ఆయన ముందు పోయేవారు. నేను నడిచి లాకుల దగ్గరికి చేరేసరికి చెట్టు కింద కూర్చుని జామాకు నములుతూ ఉండేవారు. పళ్ళకు మంచిదట.

నడిచేటప్పుడు ఎత్తో కాదో తెలియలేదా అంటారేమో. నేను కొండపల్లి కొండల కింద పుట్టినదాన్ని, రోడ్డన్నాక ఎత్తు ఉంటుందనే అనుకున్నాను. అయినా మే నెల ఎండలో నడిచేవాళ్ళకు ఏ రోడ్డయినా ఎత్తే.

సైకిలు మా మనవరాలు నేర్పింది, ఇప్పుడిది రాస్తున్న పిల్లే. చీర కింద దాని పాత ప్యాంటు తొడిగి, నా నెత్తిన గిన్నెలాంటి టోపీ బోర్లించింది. మొదటి వారం మునిసిపాలిటీ గ్రౌండులో నేను గుద్దని గోల్‌పోస్టు లేదు. "అమ్మమ్మా, బ్రేకు పట్టుకో!" అని అది అరిస్తే, నేను దాని జడ పట్టుకున్నాను.

నెల తిరిగాక ఇద్దరం చెరో సైకిలు మీద గట్టెక్కాం. కాలువ కట్టేసిన రోజులు, అడుగున బురద గుంటల్లో కొంగలు తీరిగ్గా టిఫిను చేస్తున్నాయి. నాకు మొదటిసారి ముందున్న రోడ్డు కనిపించింది. ఎంత పొడుగుందో! తూము వచ్చింది. చీర బొడ్లో దోపి, పళ్ళు బిగించి, "చూడండి మరి" అని ఆయనకు వినపడేలా అని, ఒంట్లో బలమంతా కూడదీసుకుని తొక్కాను. ఎత్తు రాలేదు. ఇంకా తొక్కాను. లాకులు వచ్చేశాయి.

ముంజలు కోసే ముసలాయన మమ్మల్ని ఎరిగినవాడే. "ఏం బాబాయ్, ఆ ఎత్తు తవ్వేశారా?" అని అడిగాను.

"ఎత్తేంటమ్మా? ఇక్కడ చెంబుడు నీళ్ళు పోస్తే ఎటు పోవాలో తెలీక అక్కడే నిలబడతయ్యి."

"మరి మా ఆయన ప్రతిసారీ దిగమనేవారే?"

ముసలాయన కత్తి పక్కన పెట్టి తల గోక్కున్నాడు. "పోయినోళ్ళ గుట్టు చెప్పకూడదు గానీ... మీరొచ్చేలోపు బీడీ ఒకటి కాల్చుకునేవోరమ్మా. వాసన రాకుండా జామాకు నేనే కోసిచ్చేవోణ్ణి."

పెళ్ళైన ఏడాదే బీడీలు మానేశానని నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసిన మనిషి! ఇన్నేళ్ళూ నా నెత్తి ఎలా నిలిచిందో! డజను ముంజలు తిన్నా కోపం చల్లారలేదు. కొండంత ఎత్తు జయిద్దామని వస్తే, జయించడానికి చీమల పుట్ట కూడా లేదు.

తరువాతి ఆదివారం మళ్ళీ వెళ్ళాం. తూము దగ్గర నా కాళ్ళు వాటంతట అవే దిగాయి. సైకిలు నడిపించుకుంటూ నెమ్మదిగా పోతున్నాను.

"ఎత్తు లేదుగా అమ్మమ్మా, ఎందుకు దిగావు?"

"ఆగవే, తాతయ్య బీడీ అవ్వనీ."

అమ్మడూ, ఇది కూడా రాసేశావా? దిగానని రాస్తే ఆయన గెలిచినట్టు కాదుటే? సరే, ఉండనీ. ఏదీ, మొదటి నుంచి ఒకసారి చదువు. "దిగను" అన్న మాట మాత్రం గట్టిగా చదువు.