కిటికీలు తెరిస్తే గానీ పాడని క్లారీ

క్లారీ బిన్నీ కిటికీలు మూసి ఉన్న చోట పాడడు. పెళ్లయినా, గొర్రెల సంత అయినా, చావింట్లో అయినా అంతే. పాటగాడన్నవాడు వేదిక ఎక్కగానే గిటారు శ్రుతి చూసుకుంటాడు. ఈయన గోడ వెంబడి నడుచుకుంటూ ఒక్కో కిటికీ అద్దాన్నీ పైకి నెట్టుకుంటూ పోతాడు. బిగుసుకుపోయిన దాన్ని భుజంతో గుద్దుతాడు. అప్పటికీ కదలకపోతే బూటు విప్పుతాడు.

ఇదేం చోద్యమని అడిగితే, "గాలాడకపోతే నా గొంతు లేవదు" అంటాడు.

మా టాల్‌వరా ఊళ్లో చలికాలం గాలి ఎలాంటిదో క్లారీ పాటలకు వెళ్లినవాళ్లని అడగాలి. మైదానంలో దానికి అడ్డే లేదు, తిన్నగా వచ్చి హాల్లో దూరుతుంది. అందుకని జనం కోటు మీద కోటు వేసుకుని, చంకలో దుప్పటి పెట్టుకుని వచ్చేవాళ్లు. టీ పోసిన కప్పు నోటి దాకా వెళ్లేలోపు చల్లారిపోయేది. ఎండాకాలం ఇంకో బాధ. దీపం పురుగులన్నీ కచేరీకి వచ్చేవి. ఒకసారి ప్రేమగీతం మంచి పట్టులో ఉండగా ఒక పురుగు క్లారీ నోట్లోకే వెళ్లింది. ఆయన మింగేసి చరణం పూర్తిచేశాడు.

"ఎలా ఉందిరా?" అని అడిగింది పక్కనే అకార్డియన్ వాయిస్తున్న అక్క ఐరిస్.

"చరణం బాగానే వచ్చిందక్కా. ఉప్పే కాస్త తక్కువైంది."

ఐరిస్ కుర్చీ ఎప్పుడూ కిటికీ పక్కనే పడేది. "నీ గొంతు లేస్తోంది గానీ నా మోకాళ్లు లేవడం లేదురా" అని ప్రతి కచేరీలోనూ అనేది. అయితే ఆ మాట ఆవిడ అనాలి. వేరేవాళ్లు అన్నారో, అకార్డియన్ కింద పెట్టి మరీ తగువుకు వెళ్లేది. ఎందుకంటే ఈ కిటికీల గొడవ ఎలా మొదలైందో ఆవిడకు తెలుసు.

ఆ రోజుల్లో హాలు కమిటీకి ప్రోథరో దొర అధ్యక్షుడు. నది అవతల పాదిరీల మిషన్ పేటలో ఉండే మా ఆదివాసీలకు హాల్లోకి ప్రవేశం లేదు. గుమ్మానికి అడ్డంగా తాడు కట్టేవాళ్లు. క్లారీ ఒక్కడు రావచ్చు, అదీ దొరల డాన్సుకు పాడడానికి, వెనక తలుపు లోంచి. మొదటి రాత్రే కుర్రాడు కిటికీలన్నీ తెరిచేశాడు.

"చలేస్తోంది, ముయ్యి" అన్నాడు దొర.

"గాలాడకపోతే గొంతు లేవదు దొరా."

పాట కావాలి కాబట్టి దొరలు చలి ఓర్చుకున్నారు. బయట కిటికీ కింద దుప్పటి పరుచుకుని, డబ్బాలో టీ పెట్టుకుని కూర్చున్న వాళ్లమ్మకూ, అక్క ఐరిస్‌కూ, మా పేటంతటికీ ఒక్క మాట పొల్లుపోకుండా వినబడింది. ఆ రాత్రి వాళ్లమ్మ ముఖం ఎలా వెలిగిపోయిందో ఐరిస్ ఇప్పటికీ చెబుతుంది.

పాటలంటే మామూలు పాటలు కావు. జీతం ఇవ్వని ఆసాముల మీద, సర్కారు తల్లుల దగ్గర్నుంచి లాక్కుపోయిన పిల్లల మీద కట్టేవాడు. మా పేటకు కుళాయి లేదని ఒకటి కట్టాడు. కుళాయి రాని ప్రతి ఏడూ దానికి ఒక చరణం కలిపేవాడు. చివరికి ఆ పాట మొదలైతే జనం ఇంటికెళ్లి అన్నాలు తిని వచ్చేవాళ్లు, అప్పటికీ ఇంకా నడుస్తూనే ఉండేది. కౌన్సిల్‌వాళ్లు తట్టుకోలేక కుళాయి వేయించారు. నీళ్లు వచ్చిన రోజు ఐరిస్, "పాట పాడి నీళ్లు తెప్పించాడు నా తమ్ముడు" అని కనబడ్డవాళ్లందరికీ ఒక్కో గ్లాసు తాగించింది. దాహం లేదన్నవాళ్లని కూడా వదల్లేదు.

కాలం మారింది. మావాళ్లు హాలు మెట్ల మీద బైఠాయించారు, క్లారీ అక్కడే కూర్చుని పాడాడు, తాడు పోయింది. మేమందరం లోపలికొచ్చి ముందు వరుసలో కూర్చున్నాం. కూర్చుని వణికాం. ఈయన కిటికీలు మాత్రం మూయలేదు.

"అంకుల్, ఇప్పుడు మనవాళ్లంతా లోపలే ఉన్నారు, ముయ్యొచ్చు" అనేవాళ్లు పిల్లలు.

"గాలాడాలి" అనేవాడు.

అలవాటైపోయిందిలే అనుకున్నాం. ఐరిస్ కూడా అంతే అనుకుంది.

క్లారీ జుట్టు నెరిశాక సిడ్నీ నుంచి పాటలు రికార్డు చేసే నెవిల్ అనే అతను వచ్చాడు. గుర్రాల మీదా విస్కీ మీదా అయితే పాడు గానీ కుళాయిలెవరికి కావాలని రికార్డు కంపెనీలన్నీ క్లారీని తిప్పి పంపేశాయి. నెవిల్ ఒక్కడే, "అవే కావాలి, మీ హాల్లో మీ జనం మధ్యే తీద్దాం" అన్నాడు. అరువు తెచ్చిన యంత్రం, పొద్దున్నే తిరిగి వెళ్లిపోవాలి. ఆ సాయంత్రం తీస్తేనే రికార్డు.

నెవిల్ చెవులకు తగిలించుకున్నవి తీసేసి తల అడ్డంగా ఊపాడు. "గాలి హోరు తప్ప ఏం వినబడట్లేదండీ. కిటికీలు మూయాలి."

"కుదరదు" అన్నాడు క్లారీ.

ఐరిస్ అకార్డియన్ కింద పెట్టింది. తమ్ముడు పోతే ఆ పాటలన్నీ అతనితోనే పోతాయి. రేపు పుట్టేవాళ్లకు ఎవరు వినిపిస్తారు?

"ఒరేయ్, ఈ ఒక్క పూట ముయ్యరా. నీకు దణ్ణం పెడతాను."

క్లారీ రోడ్డు వైపు ఓసారి చూశాడు. "సరే, అన్నీ ముయ్యండి. ఆ రోడ్డు వైపుది ఒక్కటి ఉంచండి."

ఆ ఒక్కటి చాలు యంత్రాన్ని చెడగొట్టడానికి. దాని సంగతేమిటో తేల్చేద్దామని ఐరిస్ విసురుగా వెళ్లింది. చెయ్యి అద్దం మీద వేసి, బయటికి చూసి ఆగిపోయింది. రోడ్డు అవతల ఒక పాత ట్రక్కు ఆగి ఉంది. దాని కిటికీ దించి ఉంది. లోపల టోపీ పెట్టుకున్న ముసలాయన ఈ వైపే చెవి పెట్టి కూర్చున్నాడు. ప్రోథరో దొర. తాడు తీసేసినప్పుడు అలిగి, మళ్లీ హాలు గడప తొక్కని మనిషి.

"ఎన్నాళ్ల నుంచిరా ఇది?" అంది నెమ్మదిగా.

"తాడు తీసినప్పట్నుంచీ వస్తాడక్కా. దిగడానికి మొహం చెల్లదు."

"మనమ్మని బయట కూర్చోబెట్టినవాడి కోసమా, నా మోకాళ్లు అరగదీశావు?"

"ఇప్పుడు ఆయన వంతు వచ్చింది, కూర్చోనీ. పాట మాత్రం వినబడాలి కదా."

 ఐరిస్ శాలువా కప్పుకుని చరచరా రోడ్డు దాటింది. ట్రక్కు తలుపు మీద కొట్టింది.

"దొరా, దిగండి."

"నాకిక్కడే బాగుందమ్మా."

"మీకు బాగుంది, నాకు బాగోలేదు. మీరు లోపలికొస్తే గానీ ఆ కిటికీ మూతపడదు."

ముసలాయన టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "రానిస్తారా?"

"ఎవరూ ఆపరు. ఆపేవాళ్లు ఒకప్పుడు ఉండేవాళ్లు, మీకు తెలిసే ఉంటుంది."

దొర దిగాడు. ముందు గుమ్మం వైపు నడవబోతే ఐరిస్ మోచెయ్యి పట్టుకుని హాలు వెనక్కి తిప్పింది. "ఇటండీ. మా తమ్ముడు వచ్చిన దారి."

వెనక తలుపు లోంచి దొర రాగానే తలలన్నీ అటు తిరిగాయి. ముందు వరుసలో అంతా మావాళ్లే. ఎవరూ కదల్లేదు. ఐరిస్ తన దుప్పటి అందుకుని దొర ఒళ్లో పడేసి, "జరగండర్రా" అంది. జరిగారు.

క్లారీ స్వయంగా వెళ్లి ఆ చివరి కిటికీ దించాడు. మూసిన కిటికీల మధ్య అతను పాడగా మేము వినడం అదే మొదటిసారి. గొంతు దివ్యంగా లేచింది. కుళాయి పాట చరణాలన్నీ పాడాడు, ఒక్కటీ వదల్లేదు. అప్పట్లో ఆ కుళాయి వద్దని కౌన్సిల్లో చెయ్యెత్తిన ప్రోథరో దొర పల్లవి అందుకుని, శ్రుతి తప్పి, అందరికంటే గట్టిగా పాడాడు.

ఆ రికార్డు ఇప్పుడు దేశమంతా వింటోంది. మా పిల్లలు కార్లలో దాన్ని పెట్టుకుని గర్వంగా తిరుగుతున్నారు. మొదటి పాటకు ముందు అందులో కిటికీ దబ్బున మూసుకున్న చప్పుడూ, ఆ వెంటనే ఒక ఆడమనిషి గొంతూ వినిపిస్తాయి. నెవిల్ అది కత్తిరించేస్తానన్నాడు గానీ, అది లేకపోతే రికార్డే వద్దన్నాడు క్లారీ.

ఆ గొంతు ఐరిస్‌ది. "హమ్మయ్య" అంటుంది.