ఆకుపచ్చ మొహం

ఆటోనగర్‌లో దుకాణాల ముందు చప్పట్లు కొట్టి డబ్బులడిగే ఒక హిజ్రా అక్క బొమ్మ వేశాను. కొన్ని ఆదివారాలు, లారీలకు బాడీలు కట్టే షెడ్డు పక్కన, పీకి పడేసిన సీటు మీద కూర్చుని నాతో కబుర్లు చెప్పేది. తండ్రి పోయినప్పుడు సొంతూరు పామర్రు వెళితే అన్నదమ్ములు వీధి మొదట్లోనే ఆపి వెనక్కి పంపేశారట. ఆ సంగతి నవ్వుతూ చెప్పింది. విన్నాక నాకు మామూలు రంగులు చాలలేదు. మొహమంతా ఆకుపచ్చ వేసి, కళ్లకింద ఎరుపు దిద్దాను. మెడ దగ్గర బ్రష్ వదిలేసి వేళ్లతోనే నలుపు పులిమాను.

బెజవాడలో ఒక ప్రదర్శనకి ఆ బొమ్మని తీసుకున్నారు. గుమ్మానికి ఎదురుగా పెట్టారు. "ఎంత వేదనండీ!" అని ఒకావిడ కళ్లొత్తుకుంది కూడా.

ఆ మధ్యాహ్నమే అక్క వచ్చింది. పట్టుచీర కట్టుకుని, తల నిండా పూలు పెట్టుకుని. నేనే రమ్మన్నాను. నిర్వాహకుడు గుమ్మంలోనే ఆపేసి నన్ను పిలిచాడు.

"ఇంకా పెద్దవాళ్లొచ్చే టైమండీ. ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపించెయ్యండి."

"ఆవిడ అడుక్కోడానికి రాలేదండీ. ఆ బొమ్మ ఆవిడదే."

"బొమ్మ వేరు, మనిషి వేరండీ. మీరే అర్థం చేసుకోవాలి."

ఒళ్లు మండిపోయింది. ఇందాక కళ్లొత్తుకున్నావిడ చీర కుచ్చిళ్లు దగ్గరికి తీసుకుని పక్కకి జరిగింది. బొమ్మని గోడ మీంచి దించి, అందరి ముందూ మోసుకుంటూ బయటికి వచ్చేశాను. చెరుకురసం బండి పక్కన ప్రహరీకి ఆనించి నిలబెట్టాను.

అక్క చాలాసేపు చూసింది.

"ఏంటి చెల్లీ, నేనింత కోపంగా ఉంటానా?"

"నాకట్లా కనపడ్డావక్కా."

"ఉంటాన్లే. పైకి కనపడనిస్తే ఎవడన్నా రూపాయిస్తాడా?"

బొమ్మని తనకే ఇచ్చేశాను. నన్నింక ఏ ప్రదర్శనకీ పిలవబోమని నిర్వాహకుడు ఫోన్ చేసి చెప్పాడు. పిలిచినా వెళ్లనని నేనూ చెప్పాను.

మర్నాడు పేపర్లో వార్త వచ్చింది. అట్టడుగు మనుషులకి పెద్దపీట వేసిన ప్రదర్శన అట! పక్కనే పొద్దున ప్రారంభోత్సవంలో తీసిన ఫొటో. నా ఆకుపచ్చ మొహం, దాని ముందు శాలువాలు కప్పుకున్న పెద్దమనుషులు. పేపరు తీసుకెళ్లి అక్కకి మొత్తం చదివి వినిపించాను.

"నన్ను లోపలికి రానివ్వలేదని రాయలేదేం?" అంది.