రాయి నాకిన చదువు

ఆ రోజుల్లో తెలివితక్కువతనానికి డిగ్రీ ఇచ్చే పద్ధతి ఉంటే నాకు ఫస్టుక్లాసు వచ్చి ఉండేది. చరిత్ర, తర్కం, కవిత్వం చెప్పే కాలేజీలో నేను భూగర్భశాస్త్రం తీసుకున్నది రాళ్ల మీద ప్రేమతో కాదు. కాలు ఒకచోట నిలవదు నాకు. ఆ ఒక్క క్లాసుకే గుట్టలెక్కి తిరగనిచ్చేవారు. రాయి తడిస్తేనే లోపలి ఖనిజాల గింజలు తేటగా కనబడతాయి. గుట్ట మీద నీళ్లెక్కడివి? అందుకే మా ప్రొఫెసరు సాబ్ "పహ్లే చాటో మియా, ఫిర్ బోలో" అనేవారు. ముందు నాకు, తర్వాత దాని పేరు చెప్పు. (ఈ ‘నాకు’ నాది కాదు, నాలుకది.) ఆ ఒక్క పాఠమే శ్రద్ధగా నేర్చుకున్నాను. పురానాపూల్ దగ్గర మా ఇంటి నుంచి బేగంబజార్ దాకా నా నాలుక తగలని రాయి లేదు. ప్రాక్టికల్ పరీక్ష రేపనగా ఆరాటం పట్టలేక అమ్మ పచ్చడి నూరే రోటి మీద వంగాను. సరిగ్గా అప్పుడే మేనమామ లోపలికొచ్చాడు.

"అక్కా! ఏందిది, పోరడు రోలు నాకుతున్నడు? అన్నం పెడ్తలేవా?"

"మస్తు పెడ్తున్న తమ్మీ. పొద్దుగాల గడప గూడ నాకిండు," అని అమ్మ కళ్లొత్తుకుంది.

"పరీక్ష ఉన్నది మామా, గందుకే..."

"రాళ్లు నాకే పరీక్ష ఏడన్న ఉంటదార? కడుపుల పురుగులున్నయ్, నడువ్!"

పక్క గల్లీ హకీం సాబ్ నాడి చూసి, కడుపు కడిగేసే జులాబు తాగించాడు. అది చాలదన్నట్టు మామ నా చెయ్యి అమ్మ తల మీద పెట్టించి, ఇక రాయికి నాలుక తగిలించనని ఒట్టేయించాడు. మర్నాడు బల్ల మీద రాళ్లు వరుసగా ఉన్నాయి. నా నాలుక ఒట్టులో ఉంది. భూకంపాలన్నీ కడుపులో ఉన్నాయి. అన్నిటికీ గ్రానైటు అని రాసి పరుగెత్తాను. అడిగితే గ్లాసెడు నీళ్లిచ్చేవారన్న సంగతి ఇంటికొచ్చాక తోచింది. ఆ ఏడు తప్పాను.

ఎండాకాలంలో మామ తన పెరట్లో బావి తవ్విస్తుంటే బండ తగిలింది. కబురు పెట్టి నన్ను పిలిపించాడు. అత్త, కూలీలు, గల్లీ జనం చుట్టూ మూగి ఉన్నారు.

"అల్లుడా, జర చూడు. ఇంక తవ్వాల్నా, బంద్ జెయ్యాల్నా?" అంటూ ఒక ముక్క చేతికిచ్చాడు.

"నాకితేనే తెలుస్తది మామా. అమ్మ మీద ఒట్టున్నది గద."

"మరెట్ల?"

"నువ్వు నాకు. నేను చూస్త."

మామ అటూ ఇటూ చూసి, కళ్లు మూసుకుని నాలుక చాపాడు. అత్త గొల్లుమంది: "అయ్యో, నీకు గూడ అంటుకున్నదా!"

"సరిగ్గ తడ్వలే మామా, ఇంకోపారి," అన్నాను.

ఈ వయసులో ఆ కుర్రవాణ్ణి తలుచుకుని సిగ్గుపడదామని కూర్చుంటాను, నవ్వొస్తుంది. ఆ రోజు కూలీల నీళ్లకుండ నా మోకాలి పక్కనే ఉంది. ఈసారి అది నాకు బాగానే కనబడింది.