బొటనవేలి సూక్ష్మజీవి

పొరపాట్ల మాస్టారికి విజయమంటే గిట్టదు. ఎవరైనా "మా ప్రయోగం ఫలించిందండీ" అని మొదలుపెడితే చాలు, చేదుమాత్ర నమిలినట్టు మొహం పెట్టి, "అది పత్రికల్లో రాసుకోండి నాయనా. ఇక్కడ పొరపాట్లే చెప్పాలి" అనేవారు.

భూమి అవతల ప్రాణం ఉందేమో అని వెతికేవాళ్ళకు ఆయన ఒక సంఘం పెట్టారు. అంతవరకూ రాళ్ళవాళ్ళు, సూక్ష్మజీవులవాళ్ళు, టెలిస్కోపువాళ్ళు ఎడమొహం పెడమొహం. నెలకోసారి వాళ్ళను ఒకే గదిలో కూర్చోబెట్టి, ఎవరి పొరపాటు వాళ్ళచేతే చెప్పించేవారు. ఇంట్లోనూ అదే వరస. భార్య "కూర కుదిరింది" అంటే ఉలుకూ పలుకూ ఉండదు. "మాడింది" అంటే మాత్రం కుర్చీ ముందుకు లాక్కుని, "ఎన్ని నిమిషాలకి?" అని అడిగేవారు.

ఆ నెల, సంఘంలో అందరికన్నా చిన్నదైన పరిశోధకురాలి వంతు వచ్చింది. ఉల్క ముక్కలో సూక్ష్మజీవి దొరికిందని ఆమె అందరికీ ఉత్తరాలు రాసేసింది. తీరా చూస్తే అది తన బొటనవేలి మీదిది. గ్లౌజుకు చిల్లు పడింది. ముందురోజు మాస్టారి దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "సంఘంలో చెప్పు" అని ఊరుకున్నారు. ఇంత రాతిగుండె మనిషి ఉంటారా అనుకుని, రాజీనామా రాసుకునే వచ్చింది.

ఆమె లేవబోతుంటే మాస్టారు అడ్డుపడ్డారు.

"ఉండమ్మా, ముందు నాది. వయసులో ఉన్నప్పుడు నేనూ ఉల్కలో ప్రాణిని పట్టాను. ఊరేగింపు ఒక్కటే తక్కువ. ఆఖరికి అది నా మీసంలోది."

గదంతా గొల్లున నవ్వింది. "నాకు తొమ్మిది వారాలపాటు అందిన సంకేతం పక్కగదిలో టీ కాచే యంత్రానిదండీ" అన్నాడు టెలిస్కోపాయన. ఆ ఊపులో ఆమె కూడా చెప్పేసింది.

"ఓస్, బొటనవేలేగా" అన్నాడు రాళ్ళాయన. "రేపు మా గదికి రామ్మా. చెయ్యి తగిలిన పైపొరను రాతి మీంచి ఎలా గీకెయ్యాలో చూపిస్తాను."

రాళ్ళవాళ్ళు సూక్ష్మజీవులవాళ్ళను తమ గదికి పిలవడం అదే మొదలు.

తరవాత, సంఘానికి టీ పెట్టే మాస్టారి భార్యతో కలిసి కప్పులు కడుగుతూ ఆ అమ్మాయి అడిగింది. "మీసంతో సార్ ఎలా ఉండేవారండీ?"

"మీసమా? నలభై రెండేళ్ళ కాపురంలో నేనెప్పుడూ చూడలేదమ్మా. పెళ్ళినాడు కూడా లేదు. ఆయన పొరపాట్లలో సగం జరిగినవే కావు. కొత్తవాళ్ళకి నోరు పెగలకపోతే, వాళ్ళదానికన్నా పెద్దది ఒకటి కల్పించి తన నెత్తిన వేసుకుంటారు."

ఆమెకు నవ్వాగలేదు. తడిచేతులు కొంగుకు తుడుచుకుని నేరుగా మాస్టారి దగ్గరకు వెళ్ళింది.

"సార్, నాది ఇంకో పొరపాటు ఉందండీ. రాజీనామా రాశాను."

మాస్టారి మొహం వెలిగిపోయింది. కుర్చీ ముందుకు లాక్కున్నారు.

"కూర్చో తల్లీ. మొదట్నించీ చెప్పు."