వాలిన చట్రంలో కర్ర

డెబ్బై రెండో సంవత్సరం వేసవిలో నన్ను గోదావరిఖని బొగ్గు గనుల శిక్షణ విభాగంలో మనస్తత్వ పరీక్షల అధికారిగా వేశారు. గనిలో ఒక జట్టు భద్రత చూసే ఉద్యోగిని సర్దారు అంటారు. ఆ శిక్షణకు పనికొచ్చే కార్మికులను ఏరడం నా పని. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. గనిలోకి ఒక్కసారీ దిగలేదు, ధీమాకు మాత్రం లోటు లేదు.

పరీక్షలు రెండు. బొమ్మ చూపి కథ చెప్పమంటే, సాధించాలన్న తపన ఎంతుందో అందులో బయటపడుతుంది. రెండోది చీకటి గదిలో. మెరిసే నలుచదరపు చట్రాన్ని పక్కకు వాల్చి, దాని లోపలి కర్రను నిలువుగా తిప్పమంటాం. చట్రాన్ని పట్టించుకోకుండా నిటారుగా పెట్టినవాడిది సొంత చూపు. చట్రంతోపాటు వాల్చినవాడు పరిసరాలకు లొంగేవాడు. తపన ఉన్నవాడికి సొంత చూపూ ఉంటుందని నేను చదువుకున్నాను.

పరీక్షకు వచ్చినవాళ్లలో ఓదెలు టింబర్‌మన్. అంటే గని పైకప్పు కూలకుండా ప్రాపులు, అదే ఊతదుంగలు, నిలబెట్టేవాడు. కిటికీ దగ్గరున్న మనిషి బొమ్మ చూపిస్తే, పరీక్ష రాసి ఫలితం కోసం ఎదురుచూస్తున్నాడని కథ చెప్పాడు. అంత తపన ఇంకెవరి కథలోనూ లేదు. చీకటి గదిలో మాత్రం ప్రతిసారీ కర్రను చట్రంతోపాటే వాల్చాడు. ‘ఆశ ఉంది, చూపు లేదు’ అని రాసి పేరు కొట్టేశాను. ఆ వాక్యం చూసుకుని మురిసిపోయాను కూడా.

జాబితా బోర్డుకెక్కిన రోజు, షిఫ్టు దిగి తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

“నేనెక్కడ తప్పిన సార్?”

కర్రను ప్రతిసారీ వాల్చాడని రాసి ఉన్న కాగితం చూపించాను.

“ప్రాపు నిలబెట్టినట్టు పెట్టుమని మీరే గదా సార్ అన్నరు. కప్పు ఎట్ల వాలితే ప్రాపు గట్ల వాల్చి పెట్టాలె. నిటారుగ పెడితే బరువు దిగంగనే జారిపోతది. కింద మనుషులుంటరు.”

నిజమే. సులువుగా అర్థమవుతుందని పరీక్ష సూచనలకు ఆ మాట నేనే సొంతంగా కలిపాను. మిగతావాళ్లు బొగ్గు ఎత్తేవాళ్లు, టబ్బులు, అదే బొగ్గు బండ్లు, తోసేవాళ్లు. చేత్తో ప్రాపు పెట్టి ఎరుగరు కాబట్టి నిటారుగా పెట్టేశారు. మర్నాడు అతనితో గని దిగాను. బొగ్గు పొర ఏటవాలుగా ఉంది. పైకప్పుకు లంబంగా, వరసగా వాలి నిలబడ్డ ప్రాపులను చూసి సిగ్గుతో తల దించుకున్నాను.

తప్పు నాదేనని మేనేజరుకు రాసిచ్చాను. సంతకమైన జాబితా మారదని జవాబు వచ్చింది. ఓదెలు మరుసటి ఏడు ఎంపికయ్యాడు, మంచి సర్దారు అనిపించుకున్నాడు. ఆ ఏడాది సీనియారిటీ మాత్రం రిటైరయ్యేదాకా అతనికి కలవలేదు.

ఆ తర్వాత ఏ పరీక్ష పెట్టినా, ముందు ఆ పని చేసే చోటికి వెళ్లి చూసి వచ్చేవాణ్ని. మనిషి చూపును కొలవబోయే ముందు, అతను రోజూ దేన్ని చూస్తున్నాడో తెలిసి ఉండాలి. ఓదెలు కాగితం మీద నేను రాసిన వాక్యం, ఆ రోజుకు, నాకే సరిపోయేది.