జర తాకనియ్యి అన్న

“నేను పడిపోతే వెనకాల ఉన్నవాళ్లందరూ పోతారు సింధూ. ఆ భయం నీకు అర్థం కాదు.”

పక్క కుర్చీలో ఆడుతున్న జయకృష్ణ మాటకు సింధు తెర మీంచి చూపు తిప్పలేదు. “నువ్వు పడకుంట చూసుడే నా పని గద అన్న. నీకెందుకు ఫికర్?”

ఇబ్రహీంపట్నం బస్టాండుకు ఎదురుగా ఆమె నెట్ సెంటరు. ముందు గదిలో జిరాక్సు మిషను, హాల్‌టికెట్ల కోసం వచ్చే కాలేజీ పిల్లలు. వెనక గదిలో ఆటల కంప్యూటర్లు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలు కాగానే ముందు గది షట్టరు సగానికి దించేసి, చెవులకు హెడ్‌సెట్టు తగిలించుకుని కూర్చునేది సింధు. అప్పుడిక ఎవరొచ్చి ఆధార్ జిరాక్సు అడిగినా రేపు రమ్మనడమే.

ఆట పెద్దదే. పదిమంది కలిసి ఒక డ్రాగన్‌ను పడగొట్టాలి. ముందు నిలబడి దాని దెబ్బలన్నీ తన మీద వేసుకునేవాణ్ణి ట్యాంకు అంటారు. వెనక నుంచి మంత్రాలతో అతనికి ప్రాణం పోస్తూ ఉండేది హీలర్. మిగతావాళ్ల పని కొట్టడం. కొట్టేవాళ్లకు పేరొస్తుంది, ట్యాంకుకు మర్యాద దక్కుతుంది. ట్యాంకు చస్తే మాత్రం తిట్లు హీలర్‌కి.

సింధు నాన్న బుగ్గయ్యకు మార్కెట్లో చేపల దుకాణం ఉంది. ఒకరోజు కూతురి వెనక నిలబడి కాసేపు చూశాడు.

“గీ బొమ్మల కొట్లాటల నువ్వేం జేస్తవ్ బిడ్డా?”

“మంది సావకుంట చూస్త బాపు.”

“గట్లయితే దవాఖానల నౌకరి చెయ్యరాదు? జీతమన్న ఇస్తరు.”

“దవాఖానల ఇంత మంచిగ మాట వినరు బాపు,” అని నవ్వేసింది సింధు.

ఆమెకు తన చేతి మీద అంత నమ్మకం. తెర మీద డ్రాగన్ నిప్పులు కక్కుతుంటే అందరూ నోరు తెరిచి చూసేవారు. సింధు చూపు మాత్రం ఓ మూలన ఉండే పది పచ్చగీతల మీదే. ఒక్కో గీత ఒక్కో మనిషి ప్రాణం. “గా డ్రాగన్‌కు రెక్కలెన్నున్నయో ఇప్పటికి నాకు తెల్వదు,” అనేది గర్వంగా.

ఆ గుంపుకు కొత్తగా వచ్చిన ట్యాంకు జయకృష్ణ. కోస్తా నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసి ఆదిభట్లలో ఉద్యోగంలో చేరాడు. పెళ్లయ్యాక బొంగులూరులో కొత్త వెంచరులోకి మారాడు. ఇంకా పాకడం కూడా రాని కూతురు చిన్ని పుట్టినప్పటి నుంచి అతనికి ప్రతిదీ ప్రమాదంగానే కనబడుతోంది. పాప తుమ్మితే థర్మామీటరు, నిద్రపోతే ఛాతీ మీద చెయ్యి. ఉగ్గు గిన్నె మరిగించాక, అది చల్లారేలోపు ఏదైనా పడిందేమోనని మళ్లీ మరిగించేవాడు. ఆఫీసులో ఎన్ని చీకాకులున్నా భార్య తాయారుకు చెప్పేవాడు కాదు. తాను గట్టిగా నిలబడితే ఇల్లు నిలబడుతుందని, తన భయం వాళ్లకు అంటకుండా చూడటమే తన పని అని అనుకునేవాడు.

ఆటలోనూ అదే లెక్క. వేసుకునే కవచం, ఉంగరం, డాలు అన్నీ దెబ్బను తప్పించుకునే రకమే ఎంచుకున్నాడు. కాగితం మీద వేసి మరీ చూశాడు. డ్రాగన్ దెబ్బల్లో సగం గాలికి పోతాయి. సగటున చూస్తే అంత తక్కువ దెబ్బ తినే ట్యాంకు మరొకడుండడు. లెక్కలో తప్పేం లేదు.

అయినా చచ్చిపోతున్నాడు. నిండుగా ఉన్న పచ్చగీత ఉన్నట్టుండి ఖాళీ అయిపోయేది.

ఆ ఆదివారం మూడోసారి కూడా పోయాక సింధు హెడ్‌సెట్టు సర్దుకుంటూ అంది, “నీకు తాకుతలేదన్న. అదే పరేషాన్. జర తాకాలె.”

జయకృష్ణకు అర్థమైపోయింది. తాకడం లేదంటే అందడం లేదని కదా! తను దూరంగా నిలబడటం వల్ల ఆమె మంత్రాలు తనదాకా రావడం లేదన్నమాట. ఇంత చిన్న విషయం ముందే ఎందుకు తట్టలేదని తన మీద తనకే చిరాకు వేసింది. మళ్లీ మొదలుపెట్టగానే డ్రాగన్‌ను లాక్కుంటూ తిన్నగా సింధు దగ్గరికి పరిగెత్తాడు.

“ఏయ్, ఏయ్, ఇటెందుకు తెస్తున్నవ్!”

“నువ్వేగా తాకాలన్నావు!”

డ్రాగన్ ఒక్కసారి ఊదింది. పదిమందీ బూడిదయ్యారు.

హెడ్‌సెట్లో కొండల్ గొంతు లేచింది. గుంపుకు పెద్ద అతనే, అబ్దుల్లాపూర్‌మెట్‌లో వాళ్లింటి నుంచే ఆడతాడు. “సింధక్కా, నీ చెయ్యి మొద్దువారింది. ట్యాంకు గన్నిసార్లు సస్తుంటే ఏం జేస్తున్నవ్? వచ్చే ఐతారం హీలింగ్‌కు మా పక్కింటి పోరడు కిష్టను కూసోపెడ్త.”

గదిలో కూర్చున్నవాళ్లు కీబోర్డుల వైపు తలలు వంచుకున్నారు. ఆ గుంపును మొదట కూడగట్టింది సింధు. ఆమె కంప్యూటర్ల ముందు కూర్చునే వాళ్లలో సగం మంది ఆట నేర్చుకున్నారు. ఇప్పుడు ఆ గదిలోనే ఆమెకు చోటు లేకుండా పోతోంది.

సింధు గొంతు మాత్రం పెరగలేదు. “కూసోపెట్టు. కానీ ఒక్క ఐతారం ఆగు. ఆటల జయన్న బట్టలు, కవచాలు నేను చెప్పినయి వేసుకోవాలె. అప్పుడు గూడ సస్తే నేనే లేస్త.”

షట్టరు ఎత్తి, సింధు, జయకృష్ణ ఇద్దరూ బయట చాయ్ బండి దగ్గర నిలబడ్డారు.

“నేను దగ్గరికే వచ్చాను కదా సింధూ. తాకలేదా మరి?”

“ఏం తాకుడు?”

“నీ మంత్రం. నాకు తాకట్లేదన్నావుగా.”

సింధు చాయ్ గ్లాసు కింద పెట్టి విరగబడి నవ్వింది. “అయ్యో అన్నా! దెబ్బ తాకుతలేదన్న. దెబ్బ! రాయి తాకింది, కాలుకు తాకింది అనరా మీ దిక్కు?”

“తగిలింది అంటాం. మాకు తాకడమంటే ఊరికే చెయ్యి ఆనించడమే.”

“పదిమందిని సంపినవ్ గద, చెయ్యి ఆనిచ్చుడని!”

నవ్వు తగ్గాక మళ్లీ ఆమే చెప్పింది. “నీకు దెబ్బ ఎప్పుడు తాకుతదో నాకు తెల్వదు. తాకకున్నా ఆగితే భయం. అందుకని మందు పోస్తనే ఉంట. నిండిన బిందెల నీళ్లు పోసినట్టు అంత కింద పోతది. నా శక్తి ఒడుస్తది. గప్పుడు వరుసగ రెండు తాకుతయి. నేను చెయ్యెత్తేలోపల నువ్వు ఖతం.”

“కానీ సగటు...”

“సగటు ఎవ్వర్ని సంపదన్నా. వరుస సంపుతది.”

జయకృష్ణ చదువుకున్న విషయమే. సగటు ఒక్కటే చాలదని, విలువలు దాని చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో కూడా చూడాలని తానే ఒకప్పుడు జూనియర్లకు చెప్పాడు. తన ప్రాణం దగ్గరికి వచ్చేసరికి మాత్రం సగటును పట్టుకు వేలాడాడు.

“అయితే ప్రాణం ఎక్కువిచ్చేవే వేసుకోనా?”

“అయొక్కటే వేస్తే బిందె పెద్దగైతది, నింపలేక నేను సస్త. మందం కవచం వెయ్యి. ప్రతి దెబ్బ తాకాలె, కానీ చిన్నగ తాకాలె. జర తాకనియ్యి అన్న. మిగిలింది నాకు ఇడువు.”

వారమంతా అతను ఇంట్లో కూర్చుని, ఆటలో ఆ సామగ్రి సంపాదించే పనిలోనే ఉన్నాడు. తాయారు చూసి పకపకా నవ్వింది. “ఏవండోయ్, ఎవరో సింధు చెబితే బట్టలు మార్చుకుంటున్నారట! నేను కొన్న చొక్కా మాత్రం మడత విప్పరు.”

ఆదివారం వచ్చింది. డ్రాగన్ మొదటి దెబ్బ జయకృష్ణకు తగిలింది. రెండోదీ తగిలింది, మూడోదీ తగిలింది. అన్నీ తగులుతున్నాయి! అలవాటు కొద్దీ పక్కకు పరిగెత్తబోయాడు.

“ఉండన్నా, కదలకు. మంచిగ తాకుతున్నది.”

పచ్చగీత కాస్త తగ్గేది, నిండేది. మళ్లీ తగ్గేది, మళ్లీ నిండేది. చిన్ని నిద్రలో ఉన్నప్పుడు తన చేతి కింద ఆడే ఊపిరి గుర్తొచ్చింది అతనికి. పక్క కుర్చీలో సింధు ఏదో కూనిరాగం తీస్తోంది. యుద్ధం మధ్యలో సీసా అందుకుని నీళ్లు కూడా తాగింది.

డ్రాగన్ పడిపోయింది. గదిలో కుర్చీలు వెనక్కి జరిగాయి, ఈలలు మోగాయి. గోల తగ్గాక హెడ్‌సెట్లో కొండల్ దగ్గాడు. “సింధక్కా... కిష్టను కొట్టేటోళ్లల్ల కూసోపెడ్త. నీ జాగ నీదే.”

“నా జాగ నాదని నాకెరుకనే తమ్మీ,” అంది సింధు. “గా డ్రాగన్‌కు రెక్కలెన్నో చెప్పు, ఇయ్యాల గూడ చూడలె.”

జయకృష్ణ వెళ్లడానికి లేస్తుంటే జేబులో ఫోను మోగింది. తాయారు. చిన్నికి కాస్త ఒళ్లు వెచ్చగా ఉందని చెబుతోంది. “ఏం లేదులే, నేనొస్తున్నా, నువ్వు కంగారు పడకు,” అని పెట్టేశాడు. బండి తాళం చేతిలో పెట్టుకునే జేబులన్నీ వెతుక్కుంటున్నాడు.

సింధు అది చూసింది. “నువ్వు భయపడ్డవని వదినకు చెప్పినవా?”

“తనెందుకు భయపడాలని...”

“ఆఫీసు ముచ్చట్లు?”

“అవీ చెప్పను.”

“మరి ఎట్ల?” సింధు షట్టరు పైకి నెట్టింది. వెలుగు లోపలికొచ్చింది. “నీకేం తాకుతలేదనుకుంటది వదిన. నువ్వు నిండుగ కనిపిస్తవ్. ఏదో ఒకరోజు ఒక్కసారే కూలుతవ్. అప్పుడు ఆమె చెయ్యెత్తేదెట్ల? ఇంట్ల గూడ గట్లనే అన్న. చిన్నగ తాకినప్పుడే చెప్పు.”

ఆ జ్వరం మామూలు జ్వరమే, పళ్లు వస్తున్నాయి. ఆ సాయంత్రం తడిగుడ్డ పిండుతూ, తనకు ఎంత భయమేసిందో తాయారుకు మొదటిసారి చెప్పాడు జయకృష్ణ. “నాకూ వేసింది, మీ ముఖం చూసి ఆపుకున్నా,” అందామె.

ఇప్పుడు బొంగులూరులో కంపెనీ బస్సు దిగి ఇంటికొచ్చాక, చేతులు కడుక్కుని చిన్నిని ఎత్తుకోగానే అతను చేసే మొదటి పని అదే. “తాయారూ, ఇవాళ కొంచెం తాకింది.”

“ఎక్కడ?” అంటుంది ఆమె, స్టవ్వు తగ్గించి.